దేనికీ కలవని వైరు

మోకాళ్ల మీద వంగి బల్ల కిందికి చెయ్యి చాపగానే వేలికి ఉన్ని తగిలింది. ఎండాకాలం మధ్యాహ్నం. అడాప్టర్లు వేడెక్కిన వాసనా, వాటి మీద పేరుకున్న దుమ్ము వాసనా కలిసి ముక్కుకు అందుతున్నాయి. వికారాబాద్‌లో మా ఇంటి ముందుగదిలో గోడవార వేసుకున్న ఈ బల్లే నా ఆఫీసు. ఎక్కడెక్కడివాళ్లో తమ ఇళ్ల నక్షాలు పంపుతారు. ఏ గది నేలకు ఎన్ని బండలు పడతాయో, ఎక్కడ కోస్తే తక్కువ ముక్కలు వృథా అవుతాయో లెక్కకట్టి పంపడం నా పని. నిన్న కొత్త మానిటర్ వచ్చింది. దానితో వచ్చిన వైర్లు పాతవాటితో కలిసి బల్ల కింద కాలు పెట్టే చోటు లేకుండా చేశాయి. మా ఆయన మల్లేశానికి విత్తనాల దుకాణం ఉంది. ప్యాకెట్లు ఒకే వరుసలో నిలబడకపోతే ఆయనకు అన్నం సహించదు. పొద్దున్నే బజారుకు వెళ్లి, వైర్లను లోపల పెట్టి మూసేసే తెల్లటి ప్లాస్టిక్ పట్టీలు కొనుక్కొచ్చాడు. ఇప్పుడు నా పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

"గీ వైర్లు జూస్తుంటె నాకే పరేషానైతుంది. గిట్లాంటి బల్ల కాడ కూసొని లెక్కలెట్ల జేస్తవ్ అనసూయా?" అంటూ ఒక్కొక్క వైరూ పట్టుకుని దాని కొసదాకా వెళ్తున్నాడు. ఇది మానిటర్‌ది, ఇది ప్రింటర్‌ది, ఇది ఇంటర్నెట్ డబ్బాది. ఎడమ చివర ఉన్నదాన్ని పట్టుకుని మాత్రం ఆగిపోయాడు. మూరెడు నల్ల వైరు. ఒక కొస బల్ల కాలికి కట్టి ఉంది. రెండో కొస గాలిలో వేలాడుతోంది. మధ్యలో నల్ల ఉన్నిపోగు చుట్టి ముడివేసి ఉంది.

"ఇది దేనికీ పోలే. తీసేస్తున్న."

"అది ఉండనియ్యి."

"దీనికి ప్లగ్గు లేదు, కరెంటు లేదు. ఎందుకుంచుకున్నవ్ మరి?"

ఒకప్పుడు తాండూరులో, ఇంకో బల్ల కింద, ఇదే వైరును పట్టుకుని నేనూ ఇదే ప్రశ్న అడిగాను. అడిగింది శరణమ్మగారిని. ఆమెను మీరు చూసి ఉండరు. తాండూరు దాటితే ఆమె పేరు తెలిసినవాళ్లు తక్కువ. కానీ నేను కట్టే ప్రతి లెక్కా ఆమె దగ్గరే మొదలవుతుంది.

నేను పుట్టింది కోట్‌పల్లి దగ్గర ఒక పల్లెలో, గొర్రెలు కాచుకునే ఇంట్లో. నా చదువు పదో తరగతి దగ్గర ఆగింది కానీ లెక్కల పిచ్చి ఆగలేదు. ఏ ఇంటికి వెళ్లినా మనుషుల ముఖాలకంటే ముందు నేల చూసేదాన్ని. బండలు ఏ మూల నుంచి మొదలయ్యాయి, చివరి వరుసలో ఎందుకు సన్నటి పీలికలు పడ్డాయి, వాటిని తప్పించే దారి ఉందా అని నాలో నేనే గుణించుకునేదాన్ని. పెళ్లై వికారాబాద్ వచ్చాక, పక్కింట్లో నేల వేస్తున్న మేస్త్రీ కోసిన ముక్కలను వాకిట్లో కుప్పపోస్తుంటే చూడలేకపోయాను. వరుసను అడ్డంగా కాకుండా నిలువుగా పరిస్తే అందులో సగం మిగలవని గోడ మీద బొగ్గుతో గీసి చూపించాను. ఆయన కాసేపు గోడ వంక చూసి, "తాండూరుల ఒకామె గిట్లాంటి లెక్కల మనిషి కోసమే దేవులాడుతుంది. పోతవా?" అన్నాడు. మరునాడు పొద్దున ప్యాసింజర్ బండి ఎక్కాను.

అది బండలకు పాలిష్ పట్టే యూనిట్. వెనక రేకుల షెడ్డులో మిషన్లు నీళ్లు చిమ్ముతూ రాళ్లను అరగదీస్తుంటాయి. ఆ నీళ్లు బూడిదరంగు పాలలాగా కాలువలో పారుతుంటాయి. ముందున్న చిన్నగది ఆఫీసు. భర్త పోయాక ఆర్డర్లూ బేరాలూ లెక్కలూ శరణమ్మగారు చూసుకునేది, మిషన్ల పని ఆమె మరిది సంగప్ప చూసుకునేవాడు. ఆమె పొడుగు మనిషి. లావుపాటి కళ్లద్దాలు, కొంగు నడుముకు గట్టిగా దోపుకున్న నేత చీర. పుట్టిల్లు కర్ణాటక సరిహద్దు పల్లె కావడంతో ఏ కొత్త సంగతి విన్నా "హౌదా?" అనేది. కన్నడంలో "అవునా?" అని. ఆ ఒక్క మాటను ఆమె ఆశ్చర్యానికీ, వెక్కిరింతకీ, ఎదుటివాళ్ల చేత ఇంకా మాట్లాడించడానికీ వాడుకునేది.

నేను ఏం చదివానో ఆమె అడగలేదు. ఒక గది నక్షా నా ముందుకు తోసి, "దీనికెన్ని బండలు పడ్తయి, చెప్పు" అంది. గది పొడవూ వెడల్పూ ఉన్నాయి కానీ నాకు కావలసింది అందులో లేదు.

"అమ్మా, తలుపు యాడుంది?" అన్నాను.

"హౌదా? తలుపెందుకు నీకు?"

"లోపటికి వచ్చినోళ్లకు ముందుగాల కనబడేది తలుపు కాడి వరుస. ఆడ నిండు బండ ఉండాలె. కోసిన ముక్కలు అవతలి గోడకు, మంచం కిందికి పోవాలె. తలుపు ఎటుందో తెల్వకుంటె ఎటుకెల్లి మొదలువెట్టాలె?"

ఆమె కళ్లద్దాలు తీసి నవ్వడం మొదలుపెట్టింది. "ఓ సంగప్పా, జర ఇటు రా! గీ నక్షా ఎవలు గీసిన్రో గాని మనుషులను కిటికీలకెల్లి దూరమన్నట్టుంది. గీ పిల్ల వచ్చి తలుపడుగుతుంది" అని షెడ్డులోకి కేకేసింది. ఆ రోజు నుంచి నేను ఆమె మనిషిని. చాలాకాలం నన్ను పేరు పెట్టి పిలవనే లేదు, "తలుపు పిల్లా" అనే పిలిచేది.

చేరిన కొత్తలో ఒకసారి పెన్ను జారిపడితే ఆమె బల్ల కిందికి దూరాను. ముందు నుంచి చూస్తే ఆ బల్లకు అసలు వైర్లే లేనట్టుండేది. లోపల చూస్తే వైర్లన్నీ బల్ల అంచు వెంబడి, ఒకదానికొకటి బెత్తెడు దూరంలో, మేకులకు వేలాడుతున్నాయి. ప్రతిదానికీ జానెడు వదులు ఉంచి చుట్ట చుట్టారు. లాగితే వచ్చేటట్టు, వదిలితే మళ్లీ సర్దుకునేటట్టు. అంతవరకు అర్థమైంది. కానీ ఒక్కోదానికి ఒక్కోరకం కట్టు ఎందుకో అర్థం కాలేదు. ఒకదానికి సైకిల్ ట్యూబు ముక్క, ఒకదానికి సుతిలి తాడు, ఒకదానికి చీర అంచు పీలిక, ఇంకోదానికి ఏకంగా గాజు. ఎడమ చివర ఉన్న నల్ల వైరుకు ఉన్నిపోగు. అది దేనికీ కలవలేదు.

"అమ్మా, ఇది గొంగడి పోగు గదా! మా దిక్కుది."

"నీకన్న ముందు నీ ఊరి గొర్రె వచ్చి కూసుంది నా ఆఫీసుల."

"మరి గీ వైరు దేనికీ పోలేదేంది?"

"అడిగినవ్ గద, మంచిదే. జవాబు మాత్రం ఇప్పుడే అడగకు" అంది.

తేలని లెక్క ఎదురైతే నాకు నిద్రలోనూ అదే తిరుగుతుంది. రైల్లో కూర్చుని ఒక్కో ఊహా వేసి చూసేదాన్ని. తర్వాత ఏదైనా మిషను కొంటే కలపడానికి ఉంచిందా? అయితే ప్లగ్గు ఎందుకు కోసేశారు? పారేయడానికి మనసు ఒప్పలేదా? అయితే గూట్లో పడేసేది కానీ బల్ల కాలికి ఎందుకు కడుతుంది? అనంతగిరి దేవుడికి ఏమైనా మొక్కుకుందా? వైరును మొక్కుకునేవాళ్లను నేనెక్కడా చూడలేదు. ఏ ఊహా రైలు దారిలోని ధారూరు స్టేషను దాటేదాకా నిలిచేది కాదు.

జవాబు వైరును చూస్తుంటే దొరకలేదు. ఆమెను చూస్తుంటే దొరికింది. నక్షా రాగానే నా చేతికిచ్చి, "చదువు బిడ్డా, నీ గొంతుతోటి వింటె గది కండ్ల ముందట లేస్తది" అనేది. అప్పట్లో అది నా మీద ముచ్చట అనుకున్నాను. చాయ్ పోసేటప్పుడు గ్లాసు అంచు లోపల వేలు పెట్టుకునేది. గుమ్మంలోకి ఎవరైనా వస్తే, వాళ్లు నోరు తెరిచేదాకా ఏ పేరూ పలికేది కాదు. ఒకరోజు ప్రింటర్ ఆపకుండా కాగితాలు కక్కుతుంటే ఆమె వంగలేదు, చూడలేదు. చెయ్యి బల్ల కిందికి పోయింది. ముందు ఉన్నిపోగు మీద పడింది. అక్కడి నుంచి కుడికి జరిగి, ట్యూబు రబ్బరును దాటి, సుతిలి తాడును పట్టుకుని లాగింది. ప్రింటర్ ఆగిపోయింది. నేను ఆమె ముఖం వంకే చూస్తూ నిలబడ్డాను.

"ఏంది పిల్లా, నీ చప్పుడు లేదు?" అంది.

"అమ్మా, నీకు కనబడ్తలేదా?"

"తలుపు వెయ్యి" అంది. వేసి వచ్చి కూర్చున్నాక నెమ్మదిగా చెప్పింది. "పక్కలకు కనబడ్తది. నడుమ కనబడదు. నీ మొఖం జూస్తె చెవులు అగుపిస్తయి, ముక్కు అగుపించదు. నీ ముక్కుల ఏమున్నది లే, ఫికరు లేదు. పట్నం డాక్టరు పోయిన చూపు తిరిగి రాదన్నడు."

"సంగప్పన్నకు తెల్సా?"

"తెలిస్తె నన్ను ఇంట్ల కూసోవెడ్తడు. పగతోటి కూసోవెడ్తె కొట్లాడి లేస్త. వాడు ప్రేమతోటి కూసోవెడ్తడు. గట్ల కూసోవెడ్తె ఎట్ల లేస్తరు, చెప్పు?" ఆమె చెయ్యి బల్ల అంచును నిమురుతోంది. "గీ బల్ల ఒక్కటే బిడ్డా నాది. మిగిలినయన్నీ పోయిన ఆయనయి, మరిదియి."

నాకు తెలిసిన ప్రశ్నే మళ్లీ అడిగాను. "మరి ఆ వైరు?"

"నక్షా జూసి నువ్వేమడిగినవ్? తలుపు యాడుందనే గద. నాకది తలుపు. చెయ్యి ముందుగాల దాని మీద పడాలె. ఆడికెల్లి మొదటిది కంప్యూటర్‌ది, రెండోది ప్రింటర్‌ది, మూడోది ఇంటర్నెట్‌ది. అది లేకుంటె యాడికెల్లి మొదలువెట్టాలె?"

అంతకాలం ఆ వైరును పనిలేనిదిగా లెక్కవేస్తూ వచ్చాను. పని అంటే కరెంటు మోయడమే అనుకున్నాను కాబట్టి నా ఊహలన్నీ తప్పాయి. ఆ సాయంత్రం తిరుగు రైల్లో నాకు కలిగింది జాలి కాదు. ఒక మనిషి తన చేతి కోసం ఇంత చక్కటి ఏర్పాటు ఒంటరిగా ఎలా కనిపెట్టింది, ఏ కట్టు ఎందుకు ఎంచుకుంది, గాజు దేనికోసం అన్న కుతూహలం. మరునాడు అడిగితే చెప్పింది, గాజు ఫోనుదట. మోగినప్పుడు తీగ కదిలితే గాజు కూడా గలగలమంటుందట.

తర్వాతి ఎండాకాలం ఆమె మర్పల్లిలో చెల్లెలి ఇంట పెళ్లికి వెళ్లింది. సంగప్పకు కావలసింది ఆ సందే. ఆఫీసు గదిని కొత్తగా చేయించి వదినను ఆశ్చర్యపరచాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాడు. తాండూరులో మాకు రాయి దొరికినంత సులువుగా ఇంకేదీ దొరకదు. అరుగు రాయి, అలమార రాయి, పొలం చుట్టూ నాటిన కంచె కూడా నిలువు బండలే. ఏదైనా దాచాలనిపిస్తే మా చెయ్యి రాయి మీదికే పోతుంది. సంగప్ప నేల బండల అడుగున గాడులు కోయించి, బల్ల అంచునా నేల మీదా ఉన్న వైర్లన్నీ వాటిలో పరిపించి, పైన సిమెంటుతో మూయించి పాలిష్ పట్టించాడు. బల్ల వెనక గోడకూ బండలు తొడిగించాడు.

"అమ్మ వచ్చినంక జేద్దామన్నా" అని నేను ఒకటికి రెండుసార్లు అన్నాను. అంతకుమించి చెబితే ఆమె దాచుకున్నది బయటపడుతుంది.

"వదిన వచ్చేసరికి అద్దం లెక్క జేస్త. ఒక్క వైరు కనబడ్డా నా పేరు మార్చుకుంట" అన్నాడాయన. మేస్త్రీ బల్ల కాలి నుంచి ఉన్నిపోగు వైరును తెంపి చెత్తలో వేశాడు. నేను దాన్ని ఏరి నా సొరుగులో పెట్టుకున్నాను.

ఆమె తిరిగివచ్చి కుర్చీలో కూర్చుంది. అలవాటుగా ఎడమ చెయ్యి బల్ల కిందికి పోయింది. నున్నటి చల్లటి రాయి తప్ప ఏమీ తగల్లేదు. ఆ చెయ్యి గోడ వెంబడి మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది, మళ్లీ వెనక్కు వచ్చింది. సంగప్ప గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. "మస్తుగుంది సంగప్పా" అంది ఆమె. ఆ తర్వాత చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది. ఆ వారమంతా అవి ఒళ్లోనే ఉన్నాయి. ప్రతి చిన్న పనికీ నన్ను పిలిచేది. నేను వికారాబాద్ రైలు కోసం లేచినప్పుడల్లా ఆమె కూడా లేచి ఇంటికి వెళ్లిపోయేది. బల్లకు ఆమె ఎంత దూరమవుతోందో నాకు కనబడుతోంది. ఎవరికి చెప్పాలో తెలియదు.

ఒకరోజు పొద్దున ఆమె ఒక పెద్ద ఆర్డరు గురించి ఫోనులో మాట్లాడుతుండగా కంప్యూటర్ ఆగిపోయింది, దానితో పాటే ప్రింటర్, ఇంటర్నెట్ డబ్బా. రాతి కింద ఎక్కడో తీగ తెగింది. సంగప్ప మేస్త్రీకి కబురు పెడితే, ఏ గాడి ఎటు పోయిందో తనకూ గుర్తులేదన్నాడట. సంగప్ప సుత్తి, ఉలి తెచ్చి, నీళ్ల బకెట్టు పక్కన పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు. "యాడని పగులగొట్టాలె? మొత్తం వరుస లేపాలె ఇగ" అని గొణుక్కుంటున్నాడు.

శరణమ్మగారు కుర్చీలోంచి లేచింది. "ఆగు సంగప్పా" అంటూ ఆయన వైపు నడిచింది. ఆమె దారికి సరిగ్గా నడుమ బకెట్టు ఉంది. నేను నోరు తెరిచేలోపే సంగప్ప తల ఎత్తకుండా, ఉలి పట్టుకున్న చేత్తోనే దాన్ని పక్కకు జరిపాడు. ఆ జరపడంలో కంగారు లేదు. చాలాకాలంగా చేస్తున్న పనిలాగా ఉంది. రాతి మీద బకెట్టు గీరుకున్న చప్పుడుకు ఆమె ఆగిపోయింది.

"నీకెర్కనా?"

సంగప్ప సుత్తి కింద పెట్టాడు. "పోయిన వానకాలం నేల మీది వైరు నీ కాలికి తట్టుకొని పడవోయినవ్. తలుపు పట్టుకొని నిలవడ్డవ్. నేను షెడ్డులకెల్లి జూసిన. అందుకే గద వదినా బండ కింద వెట్టించింది, మళ్ల తట్టుకోవద్దని."

"మరి నన్నడగకపోతివి?"

"నువ్వు చెప్పకపోతివి. నువ్వు దాస్తుంటె నేనెట్ల అడగాలె?"

షెడ్డులో మిషను ఒకటే తిరుగుతోంది. ఆమె అడిగిన తర్వాతి మాట నాకు ఆ చప్పుడులోనూ స్పష్టంగా వినబడింది. "అయితె ఇగ ఇంట్ల కూసోవెడ్తవా నన్ను?"

"కూసోవెడ్తె బేరం ఎవలు జేస్తరు, నేనా? మొన్న నువ్వు లేనప్పుడు ఒక్క ఫోన్ ఎత్తిన. ఆ మనిషి మళ్ల చెయ్యనే లేదు."

"హౌదా?" అంది ఆమె. ఆమె నోట అంత నెమ్మదిగా ఆ మాట రావడం అదే మొదలు. తర్వాత కొంగు దోపుకుంటూ గొంతు పెంచింది. "గట్లయితె నా తలుపు నాకియ్యి ముందుగాల."

సంగప్ప గది తలుపు వంక అయోమయంగా చూశాడు. నేను సొరుగు తెరిచి వైరు తీశాను.

ఆ వరుస లేపక తప్పలేదు. కానీ ఈసారి సంగప్ప సిమెంటు పెట్టలేదు. బండ అంచున వేలు దూరేంత గాడి కోసి, ఎత్తితే లేచి, దించితే నేలలో కలిసిపోయే మూత చేశాడు. నడిచేవాళ్ల కాళ్లకు వైర్లు తగలవు, వెతికే చేతికి దొరుకుతాయి. వైర్లన్నీ ఆ మూత కింది నుంచి వచ్చి మళ్లీ బల్ల అంచుకు చేరాయి. ఆమె నేల మీద కూర్చుని కట్లన్నీ తానే కట్టింది. నల్ల వైరును బల్ల కాలికి బిగించింది మాత్రం సంగప్పే. కట్టినంతసేపూ "దీనికి కరెంటే లేదు గద" అంటూనే ఉన్నాడు. అప్పటి నుంచి నేను నక్షాలు బహిరంగంగా, గొంతెత్తి చదివేదాన్ని. అప్పుడప్పుడు సంగప్ప కూడా వచ్చి వినేవాడు. ఆమె చూపు ఇంకా తగ్గింది, బేరాలు తగ్గలేదు. మంచం పట్టేదాకా ఆ బల్ల ఆమెదే.

ఆమె పోయాక సంగప్ప నన్ను పిలిచి ఈ వైరును కాగితంలో చుట్టి ఇచ్చాడు. "తలుపు పిల్లకియ్యమన్నది" అన్నాడు. అప్పటికి నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను. ఇంటికి రాగానే మొదట చేసిన పని దీన్ని బల్ల ఎడమ కాలికి కట్టడం. నా కళ్లకు ఇంతవరకు ఏ లోటూ లేదు. అయినా వైర్లకు రకరకాల కట్లు కట్టాను, జానెడు వదులు ఉంచాను, చూడకుండా దొరికేటట్టు పెట్టాను. ఇప్పటికీ ఏ నక్షా వచ్చినా కొలతలకంటే ముందు తలుపు అడుగుతాను. గాజు మాత్రం పెట్టలేదు. అది ఆమెకే నప్పింది.

ఈ వైరు సంగతంతా నా నోట ఇప్పుడే విన్న మల్లేశం ప్లాస్టిక్ పట్టీని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "దీనికి జిగురు వెట్టను. మూత తెరిచేటట్టే వెడ్త" అన్నాడు. వైర్లను పట్టీలో సర్ది, కట్లన్నీ బయటికి ఉంచి, నల్లదాన్ని మాత్రం బల్ల కాలికే వదిలేశాడు. తర్వాత నా కుర్చీలో కూర్చుని, నేను అడగకుండానే కళ్లు గట్టిగా మూసుకుని, చెయ్యి బల్ల కిందికి పెట్టాడు.

"ఉన్ని... దొరికింది. దాని పక్కన రబ్బరు. దాని పక్కన సుతిలి. ఇదేంది?"

"లాగి జూడు."

లాగాడు. ప్రింటర్ మీద పచ్చ దీపం ఆరిపోయింది.

"ఏదో ఒకటి పోయింది గదా?"

"పోయింది."

ఆయన కళ్లు తెరవలేదు. చెయ్యి మళ్లీ ఎడమకు, ఉన్నిపోగు దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి మూడోదాని కోసం కదిలింది.